మంగళ్ పాండే సినిమా: ఆ సాయంత్రం మిగతా పటాలం ఏం చేస్తోంది?

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 9:50

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నతో కూర్చుని «మంగళ్ పాండే: ది రైజింగ్» మళ్ళీ చూశాను. 2005 ఆగస్టు 12న రిలీజైనప్పుడు నేను ఇంటర్ సెకండియర్. లగాన్, దిల్ చాహ్‌తా హై వచ్చిన నాలుగేళ్ళకి ఆమిర్ ఖాన్ సినిమా అంటే ఎంత హడావుడో మీకు గుర్తుండే ఉంటుంది. మార్నింగ్ షో చూసి బయటికొచ్చి అందరం పెదవి విరిచేశాం. ఇప్పుడు అంత చెడ్డగా అనిపించలేదు. రెహమాన్ పాటలు అప్పటికన్నా ఇప్పుడే బాగా ఎక్కాయి. జుట్టు, మీసం సొంతంగా పెంచుకున్నాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. ఆ కష్టం తెర మీద కనిపిస్తుంది.

అసలు సంగతి అది కాదు. చివర్లో పాండే ఒక్కడే తుపాకీ పట్టుకుని తిరగబడుతుంటే నాన్న రిమోట్ అడిగి ఆపారు. "ఒరే, వీడొక్కడే ఇంత చేస్తుంటే మిగతా పటాలం ఏం చేస్తోందిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కెమెరా ఎంతసేపూ ఆమిర్ మొహం మీదే ఉంది.

తెలిసినవాళ్ళు చెప్పండి. సినిమా సంగతి పక్కన పెట్టి, నిజంగా ఆ రోజు ఏం జరిగింది?

పాత_రీలు | ఆదివారం, రాత్రి 10:15

దీని డైరెక్టర్ కేతన్ మెహతా అంటే «మిర్చ్ మసాలా» తీసిన మనిషి. ఆయన నుంచి ఆశించింది వేరు, వచ్చింది వేరు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టాడు. ఒకటి ఇద్దరు మగవాళ్ళ స్నేహం కథ, రెండోది పండక్కి రిలీజయ్యే పెద్ద హీరో సినిమా. ఆ స్నేహం కథే తీసుంటే వేరేలా ఉండేది. పాండే స్నేహితుడైన ఇంగ్లీషు అధికారి గోర్డన్ పాత్ర వేసిన టోబీ స్టీఫెన్స్ హిందీ డైలాగులు తనే చెప్పుకున్నాడు. మన సినిమాల్లో తెల్లదొర అంటే "టుమ్ లోగ్" అనే కార్టూనే కదా. ఆ లెక్కన ఇతను చాలా నయం.

ఇంకో తమాషా. మొదట్లో పాండే ఆఫ్ఘన్ యుద్ధంలో గోర్డన్ ప్రాణం కాపాడతాడు. మొదటి ఆఫ్ఘన్ యుద్ధం 1842లోనే అయిపోయింది. పాండే సైన్యంలో చేరింది 1849లో. రెండో ఆఫ్ఘన్ యుద్ధం 1878లో. మరి ఈయన ఏ యుద్ధానికి వెళ్ళినట్టు?

డాలస్_శీను | ఆదివారం, రాత్రి 10:22

😂 దొరికిపోయారు. కానీ బ్రో, "మంగళ్ మంగళ్" అని కైలాష్ ఖేర్ గొంతు లేవగానే ఈ లెక్కలేవీ గుర్తుండవు. మేం ఇక్కడ నలభై మైళ్ళు డ్రైవ్ చేసుకుని వెళ్ళి చూశాం. హాల్లో తొమ్మిది మందిమి.

చరిత్ర_మేడం | ఆదివారం, రాత్రి 11:05

గోదారి_గట్టు గారూ, మీ నాన్నగారు అడిగింది మంచి ప్రశ్న. నేను డిగ్రీ పిల్లలకి ఇరవై రెండేళ్ళుగా 1857 చెబుతున్నాను, ఒక్కరూ అడగలేదు. విచారణ కాగితాల్లో ఉన్నంతవరకు చెబుతాను.

1857 మార్చి 29, ఆదివారం సాయంత్రం. కలకత్తా పక్కన బ్యారక్‌పూర్. 34వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ. తెల్ల సైనికులు కొందరు స్టీమర్ దిగుతున్నారని కబురొచ్చింది. మంగళ్ పాండే పైన ఎర్రకోటు, కింద ధోవతితో తుపాకీ పట్టుకుని క్వార్టర్ గార్డు (పటాలం కాపలా చోటు) ముందుకొచ్చి, బయటికి రండి, మన ధర్మం పోతోంది అని కేకలు వేశాడు. సంగతి తెలిసి లెఫ్టినెంట్ బా (స్పెల్లింగ్ చూసి బాగ్ అనకండి) గుర్రం మీద వచ్చాడు. పాండే కాల్చాడు. తూటా గుర్రానికి తగిలి గుర్రంతో సహా అతనూ కింద పడ్డాడు. బా పిస్తోలు పేల్చాడు, గురి తప్పింది. పాండే తల్వార్‌తో అతన్ని నరికాడు. సార్జెంట్ మేజర్ హ్యూసన్ కూడా దెబ్బలు తిన్నాడు.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్న. క్వార్టర్ గార్డులో ఇరవై మంది సిపాయిలున్నారు. వాళ్ళ మీద అధికారి జమాదార్ ఈశ్వరీ ప్రసాద్. వాణ్ణి పట్టుకో అని హ్యూసన్ అతన్ని అడిగాడు. నేనొక్కణ్ణీ ఏం చేయగలను అన్నాడు జమాదార్. ఎవరూ కదల్లేదు. ముందుకొచ్చింది ఒకే ఒక్కడు, షేక్ పల్టూ. వెనకనుంచి పాండే నడుం పట్టుకుని దొరలిద్దరికీ తప్పించుకునే వీలిచ్చాడు. వదులు, లేకపోతే నిన్నే కాలుస్తాం అని తోటి సిపాయిలు బెదిరించారు. అతని మీదికి రాళ్ళూ చెప్పులూ విసిరారు.

తర్వాత కర్నల్ వీలర్ వచ్చి గార్డుకి ఆర్డరిచ్చాడు. వాళ్ళు నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు. ఆఖరికి జనరల్ హియర్సీ కొడుకులిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చి, ఆర్డర్ వేశాక కదలనివాణ్ణి కాల్చేస్తానని పిస్తోలు చూపిస్తే అప్పుడు కదిలారు. అది చూసి పాండే తుపాకీ గొట్టం గుండెకి ఆనించుకుని కాలి బొటనవేలితో ట్రిగ్గర్ నొక్కాడు. గాయమైంది, ప్రాణం పోలేదు. ఏప్రిల్ 6న విచారణ, 8న ఉరి.

జమాదార్ ఈశ్వరీ ప్రసాద్‌ని ఏప్రిల్ 21న ఉరితీశారు. అతను చేసిన నేరం, కదలకపోవడం.

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 11:12

మేడం... ఈ ఈశ్వరీ ప్రసాద్ పేరు నేనెప్పుడూ వినలేదు. సినిమా ఇప్పుడే చూసి కూడా నాకు గుర్తు లేదు.

నిజం_చెప్తా | సోమవారం, ఉదయం 7:30

అందరూ చప్పట్లు కొట్టే ముందు ఒక మాట. విచారణలో పాండే ఈ మధ్య భంగు, నల్లమందు తీసుకుంటున్నానని, ఏం చేస్తున్నానో ఒంటి మీద తెలివి లేదని చెప్పాడు. అదీ ఆ కాగితాల్లోనే ఉంది. మత్తులో చేసిన పనికి సినిమా తీసి, 1984లో స్టాంపు వేసి, స్వాతంత్ర్య సమరయోధుడు అనేశాం. 1857 అసలు తిరుగుబాటు మే 10న మీరట్‌లో మొదలైంది. అప్పటికి ఈయన పోయి నెల దాటింది.

పాత_రీలు | సోమవారం, ఉదయం 8:02

అదే కాగితంలో ఇంకో ప్రశ్న కూడా ఉంది కదా. ఎవరైనా చెప్తే చేశావా అంటే, నా ఇష్టంతోనే చేశాను, చచ్చిపోతాననే అనుకున్నాను అన్నాడు. తోటివాళ్ళ పేర్లు అడిగితే ఒక్కటీ చెప్పలేదు. మత్తు వదిలాక వారం రోజులు కట్టు కట్టుకుని మంచం మీద ఉన్న మనిషి ఒక్క పేరు కూడా బయటపెట్టలేదంటే దాన్నేమంటారు?

నిజం_చెప్తా | సోమవారం, ఉదయం 8:10

పేర్లు లేకపోతే ఏం చెప్తాడు? ప్లాన్ ఉంటేగా పేర్లుండేది.

చరిత్ర_మేడం | సోమవారం, ఉదయం 8:45

కాలేజీకి టైమవుతోంది, క్లుప్తంగా రాస్తాను. నిజం_చెప్తా గారు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. పాండే వెనక పెద్ద పన్నాగం ఉందనడానికి గట్టి ఆధారం లేదు. సినిమా రిలీజైన ఏడాదే చరిత్రకారుడు రుద్రాంగ్షు ముఖర్జీ పాండే వీరుడా, అనుకోకుండా హీరో అయ్యాడా అని ఒక పుస్తకమే రాశారు. ఆ చర్చ పాతదే.

మీరు ఆ ఒక్క మనిషినే చూస్తున్నారు. సినిమా కూడా అదే చేసింది, అటునుంచి చూసింది, అంతే తేడా. మత్తులో ఉన్నాడనే అనుకుందాం. ఎదురుగా నిలబడ్డ ఇరవై మందీ భంగు తాగలేదు కదా. వాళ్ళ కళ్ళ ముందు అధికారి నెత్తురోడుతుంటే ఎందుకు కదల్లేదు? తిరుగుబాటు ఎక్కడుందో అక్కడ వెతకండి. మే 6న 34వ పటాలంలో ఏడు కంపెనీలని (దళాలని) రద్దు చేశారు. ఒక తాగుబోతు కోసం అంతమంది ఉద్యోగాలు పీకరు.

సుబేదార్_రిటైర్డ్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను ఇక్కడ చదవడమే గానీ రాసింది తక్కువ. ఇరవై ఎనిమిదేళ్ళు ఇన్‌ఫాంట్రీలో చేశాను. ఈ విషయం మీద రెండు మాటలు రాయాలనిపించింది.

క్వార్టర్ గార్డు అంటే యూనిట్‌కి గుమ్మం లాంటిది. ఆయుధాలు, ఖజానా, తప్పు చేసినవాణ్ణి పెట్టే కొట్టు, అన్నీ అక్కడే. గార్డు కమాండర్ మాట మీద గార్డు ఒక్క క్షణంలో ఫాలిన్ అవ్వాలి, అంటే వరసలో నిలబడాలి. రాత్రి రెండింటికి గంట కొట్టినా సరే. ఆ అలవాటు ఎముకల్లోకి ఇంకిపోతుంది. నేను రిటైరై తొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ ఎవరైనా గట్టిగా పిలిస్తే మడమలు కలుస్తాయి. మా ఆవిడ నవ్వుతుంది.

అలాంటి చోట ఇరవై మంది ఆర్డర్ విని కదలకుండా నిలబడ్డారంటే నాకు ఒళ్ళు జలదరించింది. తుపాకీ ఎత్తడం కోపంలో అయిపోతుంది. కాళ్ళు కదపకుండా నిలబడాలంటే మాత్రం ప్రతి క్షణం నిర్ణయం తీసుకుంటూనే ఉండాలి. పైగా కర్నల్ వచ్చి చెప్పాక కూడా!

జమాదార్ అంటే ఇప్పటి నాయబ్ సుబేదార్. నేను ఆ ర్యాంకులో ఉన్నాను. కింద జవాన్లు, పైన సాబ్‌లు, మధ్యలో నలిగేది మేమే. "నేనొక్కణ్ణీ ఏం చేయగలను" అన్నాడంటే, అది భయంతో అన్నాడో, తెలివిగా అన్నాడో, లేక నిజంగానే తన మాట ఎవరూ వినరని తెలిసి అన్నాడో ఆయనకే తెలియాలి.

డాలస్_శీను | సోమవారం, మధ్యాహ్నం 1:48

సార్ 🙏 ఇలాంటి పోస్టుల కోసమే ఈ ఫోరంకి వస్తాను.

సందేహాల_పుట్ట | సోమవారం, సాయంత్రం 4:05

ఒక పిచ్చి ప్రశ్న. తూటాకి కొవ్వెందుకు పూయాలి? పళ్ళతో ఎందుకు కొరకాలి? స్కూల్లో "ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు" అని బట్టీ పట్టాం గానీ ఎందుకని ఎవరూ చెప్పలేదు. తూటా అంటే ఇప్పటి ఇత్తడి బుల్లెట్టే నా కళ్ళ ముందుకొస్తుంది.

సుబేదార్_రిటైర్డ్ | సోమవారం, సాయంత్రం 5:30

పిచ్చి ప్రశ్న కాదమ్మా/బాబూ (పేరు చూసి తెలియడం లేదు, ఏమనుకోకండి).

అప్పటి తూటా కాగితం పొట్లం. మన బఠాణీల పొట్లంలా చుట్టి ఉంటుంది. లోపల మందు, ఒక సీసం గుండు. ఒక చేతిలో బరువైన తుపాకీ, ఇంకో చేతిలో పొట్లం. అందుకే పొట్లం కొస పళ్ళతో చింపి, మందు గొట్టంలో పోసి, మిగిలిన కాగితంతో సహా గుండుని లోపలికి దూర్చి, కడ్డీతో దిగ్గొట్టాలి. పాత బ్రౌన్ బెస్ మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది, గుండు వదులుగా జారిపోయేది. కొత్త ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మరలాంటి గాళ్ళు ఉంటాయి, గుండు బిగుతుగా దిగుతుంది. అందుకని కాగితానికి గ్రీజు పూయాలి. ఆ గ్రీజు దేంతో చేశారన్నదే గొడవ.

చరిత్ర_మేడం | సోమవారం, రాత్రి 9:10

సుబేదార్ గారు చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. ఎందుకంటే సినిమా ఇక్కడ బాగా సులువు చేసేసింది. గోర్డన్ మాట నమ్మి పాండే తూటా కొరుకుతాడు, తర్వాత కొవ్వు సంగతి బయటపడుతుంది, స్నేహం విరుగుతుంది. కథకి బాగుంది. జరిగింది మాత్రం ఇంకా చిత్రంగా ఉంటుంది.

1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఒక ఖలాసీ, అంటే తూటాల కార్ఖానాలో పనిచేసే కింది కులం మనిషి, ఒక బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్ళివ్వమన్నాడు. మైలపడుతుందని సిపాయి ఇవ్వలేదు. ఆవు కొవ్వూ పంది కొవ్వూ పూసిన తూటా కొరికాక నీ కులమెక్కడుంటుందిలే అన్నాడు ఖలాసీ. ఆ మాట దావానలంలా పాకింది. గమనించండి, మొదట మంట పెట్టింది అవమానపడ్డ మనిషి నోటి మాట. ఇదొక్కటే వేరే సినిమాకి సరిపోతుంది.

ఈస్టిండియా కంపెనీ తర్వాత వెనక్కి తగ్గింది. గ్రీజు మీరే పూసుకోండి, తేనెమైనం, నెయ్యి వాడుకోండి, చేత్తో చింపండి అంది. అప్పటికి అనుమానం గ్రీజు మీద నుంచి కాగితం మీదికి పాకింది. కాగితం ఎందుకిలా మెరుస్తోంది, దీంట్లోనే కొవ్వుందేమో అని. ఫిబ్రవరి 26న బెర్హంపూర్‌లో 19వ పటాలం కాదన్నవి పాత మస్కెట్ల తూటాలే. మీరట్‌లో 90 మందిలో 85 మంది ముట్టుకోనన్నవీ పాత రకమే. అంటే అప్పటికి కంపెనీ ఏం చెప్పినా నమ్మే దశ దాటిపోయింది. 1856లో అవధ్‌ని కలిపేసుకున్నారు, సిపాయిల్లో చాలామంది ఊళ్ళు అక్కడే. అదే ఏడు కొత్తగా చేరేవాళ్ళు సముద్రం దాటడానికి ఒప్పుకోవాలని రూలు పెట్టారు. జీతమా, నెలకి ఏడు రూపాయలు. తిండి ఖర్చు అందులోనే.

(నల్లమందు వ్యాపారం గురించి సినిమా చూపించినంత ధైర్యంగా వేరే హిందీ సినిమా చూపించలేదు. ఆ మార్కులు ఇవ్వాల్సిందే.)

వైజాగ్_అల | సోమవారం, రాత్రి 9:40

సముద్రం అన్నారు కాబట్టి: 1780 అక్టోబరులో మా విశాఖపట్నంలోనే సిపాయిలు ఓడ ఎక్కం అని తిరగబడ్డారు. హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు పంపబోతే. 1857 కంటే 77 ఏళ్ళ ముందు. ఒక్క సీన్ కూడా లేదు మాకు 😔

పాత_రీలు | సోమవారం, రాత్రి 9:52

బ్యారక్‌పూర్‌లోనే 1824 నవంబరులో 47వ పటాలం బర్మాకి వెళ్ళం అని నిలబడితే ఫిరంగులతో కాల్చేశారు. బిందా తివారీ అనే సిపాయిని ఉరితీశారు. ఆయన పేరుతో అక్కడ గుడి కూడా ఉంది. అంటే పాండే నిలబడిన కంటోన్మెంట్‌లో ముప్పై మూడేళ్ళ కిందటి కథ అందరికీ తెలిసే ఉంటుంది. కదలకపోతే ఏమవుతుందో చూసిన నేల అది.

రాయలసీమ_రాజు | సోమవారం, రాత్రి 10:05

ఇంత చర్చలో మా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారి పేరు ఎత్తరేం? 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి. మంగళ్ పాండే కంటే పదేళ్ళ ముందు. ఆయనే మొదటి వీరుడు.

నిజం_చెప్తా | సోమవారం, రాత్రి 10:09

వచ్చేశారు. ఇక "ఎవరు ఫస్ట్" పోటీ మొదలు. 1806లో తిరగబడ్డ వేలూరు సిపాయిల వాళ్ళు కూడా లైన్లో నిలబడండి, టోకెన్ ఇస్తారు.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 10:30

ఎవరు ముందు అనే చర్చకి వేరే థ్రెడ్ ఉంది, రెండేళ్ళుగా నడుస్తోంది, ఇంకా తేలలేదు. అక్కడికి వెళ్ళండి. వ్యక్తిగతంగా తిట్టుకున్న మూడు పోస్టులు తీసేశాను.

కోఠి_చౌరస్తా | మంగళవారం, ఉదయం 6:50

మోడరేటర్ అన్నా, ఇది పోటీ కాదు, ఇదే 1857 ముచ్చట. మా కోఠిల ఇప్పుడు మహిళా యూనివర్సిటీ ఉన్న బంగళా అప్పటి రెసిడెన్సీ, అంటే ఇంగ్లీషోళ్ళ ప్రతినిధి ఉండే ఇల్లు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతోని వచ్చి దాని మీద పడ్డరు. చీదా ఖాన్ అనే జమాదార్‌ని ఇడిపిద్దామని. నిజాం దివాన్ సాలార్‌జంగ్ ఇంగ్లీషోళ్ళ దిక్కు నిలబడ్డడు కాబట్టి అది గట్లనే ఆగిపోయింది. తుర్రేబాజ్ జైలు నుంచి తప్పించుకుంటే తలకి ఐదు వేల ఇనాం పెట్టి తూప్రాన్ దగ్గర చంపిన్రు. మౌల్వీ సాబ్‌ని అండమాన్ పంపిన్రు.

నేను రోజూ ఆ గోడ పక్కనే బస్సెక్కుత. సినిమా సూసి ఇంటికొచ్చిన్నాడు గుడ మా బ్యారక్‌పూర్ ఇక్కడే ఉందని నాకు తెల్వలే.

చరిత్ర_మేడం | మంగళవారం, ఉదయం 7:25

కోఠి_చౌరస్తా గారూ, మీకు నచ్చే మాట ఒకటి చెప్తాను. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిల్ని అక్కడి ఉర్దూ కాగితాలు ఏమని రాశాయో తెలుసా? "తిలంగే". వాళ్ళు అవధ్, బీహార్ వాళ్ళు. మనకీ వాళ్ళకీ చుట్టరికం లేదు. కానీ అంతకు నూరేళ్ళ ముందు ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ మొదట సిపాయిల్ని చేర్చుకున్నది తెలుగు, తమిళ తీరంలో. క్లైవు బెంగాలుకి ఓడల్లో తీసుకెళ్ళింది మద్రాసు సిపాయిల్ని. ఎర్రకోటు వేసిన ప్రతివాడికీ ఉత్తరాదిలో ఆ పేరు అంటుకుపోయింది. ప్లాసీ యుద్ధంలో కంపెనీకి పని చేసిపెట్టినవాళ్ళ పేరు, నూరేళ్ళకి కంపెనీ మీద తిరగబడినవాళ్ళకి మిగిలింది. పాండే పుట్టిన బలియా వైపు కూడా సిపాయిని అలాగే పిలిచి ఉంటారని నా ఊహ. ఊహే, రుజువు అడగకండి.

కోఠి_చౌరస్తా | మంగళవారం, ఉదయం 7:31

మేడం, ఇది వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంట 🔥

సందేహాల_పుట్ట | మంగళవారం, ఉదయం 11:15

(సుబేదార్ గారూ, అమ్మనే 🙂) బలియా అంటే గుర్తొచ్చింది, అప్పట్లో ఈ సినిమా మీద అక్కడ గొడవలు జరిగాయి కదా? రాణీ ముఖర్జీ పాత్ర గురించి?

పాత_రీలు | మంగళవారం, మధ్యాహ్నం 12:40

అవునండీ. పాండేని వేశ్యతో కలిపి చూపించారని బలియాలో నిరసనలు, సినిమాని నిషేధించాలని పార్టీల డిమాండ్లు. నాకు ఆ గొడవ అర్థమే కాలేదు. రాణీ వేసిన హీరా పాత్ర నోట ఒక మాట పెట్టారు, మేం ఒళ్ళు అమ్ముకుంటాం, మీరు ఆత్మలు అమ్ముకుంటారు అనే అర్థంలో. సిపాయి ఉద్యోగం గురించి సినిమా మొత్తంలో అంత సూటిగా ఇంకెవరూ మాట్లాడలేదు. ఇక సతి నుంచి తప్పించిన అమ్మాయి కథ మాత్రం ఊరికే నిడివి పెంచింది. అమీషా పటేల్ తప్పేం లేదు, అతికించిన ముక్క అది.

నిజం_చెప్తా | మంగళవారం, రాత్రి 8:20

సరే, నేను కొంచెం దిగుతాను. పాండే మీద నా మాట మారలేదు గానీ ఆ ఇరవై మంది సంగతి నేను ఆలోచించలేదు. అయితే సుబేదార్ గారిని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. షేక్ పల్టూ సంగతేంటి? ఇప్పటి లెక్కలో ద్రోహి. మీ సైన్యం లెక్కలో?

సుబేదార్_రిటైర్డ్ | మంగళవారం, రాత్రి 10:45

కోపమెందుకు సార్. నిన్నటి నుంచి నేనూ అదే ఆలోచిస్తున్నాను.

హియర్సీ అతనికి అక్కడికక్కడే హవల్దార్ ప్రమోషన్ ఇచ్చాడు. ఆ అధికారం నీకు లేదని పైనుంచి జనరల్‌కి చీవాట్లు వచ్చాయట. మేడం గారు సరిచేయాలి.

నా లెక్కలో చెప్పమంటే, నేను గార్డులో ఉండి మా ఆఫీసర్ మీద మావాడొకడు కత్తి దూస్తే నేను వెనకనుంచి వెళ్ళి నడుమే పట్టుకునేవాణ్ణి. ఆలోచించకుండా. చంపకుండా ఆపాలంటే అదొక్కటే దారి. పల్టూ కూడా కాల్చలేదు, నరకలేదు, పట్టుకున్నాడు. రాళ్ళు పడుతున్నా పట్టుకునే ఉన్నాడు. కాబట్టి ఈ కథలో నేను మంగళ్ పాండేని కాను. ఈశ్వరీ ప్రసాద్‌నీ కాను. సినిమాలో చూస్తే మనమందరం ఆమిర్ ఖానే అనుకుంటాం.

జీతమిచ్చేది పరాయివాడా, మనవాడా అన్న తేడా నాకు ఎప్పుడూ రాలేదు. అది నా అదృష్టం, అంతే.

చరిత్ర_మేడం | మంగళవారం, రాత్రి 11:02

సరిచేయాల్సిందేమీ లేదు సుబేదార్ గారూ. చీవాట్లు నిజమే.

గోదారి_గట్టు | బుధవారం, రాత్రి 9:15

నాన్నకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. చూపు సరిగా ఆనడం లేదు, నేనే చదవాలి. ఈశ్వరీ ప్రసాద్ దగ్గర ఒకసారి, సుబేదార్ గారి పోస్టు దగ్గర రెండుసార్లు మళ్ళీ చదవమన్నారు. తర్వాత ఏమీ అనలేదు. పడుకోబోయే ముందు మాత్రం "ఆయనది ఏ ఊరో అడుగు" అన్నారు.

సుబేదార్_రిటైర్డ్ | బుధవారం, రాత్రి 9:40

మార్కాపురం పక్కన పల్లెటూరు బాబూ. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.